బుట్ట కింద వైద్యుడు

ఇసిన్ పట్టణంలో రోగాలు కుదిర్చే ఉబారుకు ఒకటే పిచ్చి. రోగి ఇంటికి బయల్దేరాడంటే నెత్తిమీద ఈతాకుల బుట్ట బోర్లించుకుంటాడు. బుట్ట ముక్కు కిందకి దిగుతుంది. బయటికి కనపడేది గడ్డం, చేతిలో కర్ర, అంతే. అలా నడిచి గాడిదల్ని గుద్దుకున్నాడు, గోడల్ని గుద్దుకున్నాడు. ఒకసారి న్యాయాధికారి గారి పొట్టను గుద్దుకొని, చేత్తో నొక్కి చూసి, "ఈ గోడ ఇంకా తడి ఆరలేదు, ఆనుకోకండి" అని వెనకవాళ్ళకు చెప్పి పక్కకు తప్పుకున్నాడు.

కాలువ వీధి ఆడవాళ్ళకు ఒకప్పుడు పొద్దున్నే ఒక పని ఉండేది. ఆయన కర్ర చప్పుడు వినపడగానే గుమ్మాల్లో కుండలన్నీ లోపలికి చేరవేసేవారు. ఇప్పుడు కుండలు ఎక్కడివక్కడే ఉంటున్నాయి. ఎవరో ఒకరు వీధి మొదటికి వెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకొని నడిపించుకొస్తున్నారు. ఈ మార్పు నరాంతు కూతురు బేల్తానికి జ్వరం తగిలిన రోజున వచ్చింది.

నరాంతు మొగుడు పోయి ఏడాది తిరగలేదు. మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. ఆ పొద్దున పిల్ల ఒళ్ళు పొయ్యి రాయిలా కాలిపోతోంది. పిలిస్తే పలకడంలేదు. నరాంతు ఊళ్ళోకెల్లా పేరున్న వైద్యుడు ఇల్షుబాని గారికి కబురుపెట్టి గుమ్మంలో నిలబడింది. ఆయన తెల్లబట్టల్లో వీధి మలుపు దాకా వచ్చాడు. వచ్చి ఆగిపోయాడు. మలుపులో నల్లకుక్క ఒకటి కూర్చొని చెవి గోక్కుంటోంది.

ఆ ఊరి వైద్యుల చదువులో మొదటి పాఠం దారి శకునం. రోగి దగ్గరికి వెళ్తుంటే తెల్లపంది కంటపడితే రోగి బతుకుతాడు. నల్లకుక్క కంటపడితే బతకడు. వైద్యానికి అధిదేవత గులా తల్లి, ఆవిడ పక్కన కూర్చునేది కుక్క. ఆవిడే దాని చేత చెప్పించాక మందు ఇవ్వడం ఆవిడను కాదనడం. ఇల్షుబాని గారు తలవంచుకొని వెనక్కి తిరిగారు.

పక్కింటి అఖాతు పిన్ని వచ్చి నరాంతు పక్కన నిలబడింది. మనసు మంచిదే, నోరే ఆవిడ చేతుల్లో ఉండదు.

"మీ ఆయన్ని పెట్టినచోట పక్కన కాస్త జాగా ఉందటే? లేకపోతే ఆ మూల తవ్వించాలి. నేల గట్టిగా ఉంది, ముందే మనిషికి చెప్పుకోవాలి."

ఆ ఊళ్ళో పోయినవాళ్ళను ఇంటి నేల కిందే పెట్టుకుంటారు. నరాంతు ఆ మూలవైపు చూడలేదు.

"పిన్నీ, ఉబారు గారిని పిలుచుకురా."

"ఆ బుట్టాయన్నా? నీకు మతిపోయిందా? శకునం అంటే భయపడి మొహం దాచుకునేవాడు రోగాన్నేం చూస్తాడే?"

"పిలుచుకురా పిన్నీ."

అఖాతు గొణుక్కుంటూ వెళ్ళింది.

కాసేపటికి కర్ర చప్పుడు వినపడింది. మలుపులో బుట్ట ప్రత్యక్షమైంది. నల్లకుక్క ఇంకా అక్కడే ఉంది. గులా తల్లి కుక్క గనుక ఆ ఊళ్ళో కుక్కను ఎవరూ అదిలించరు, రాయి వెయ్యరు. ఉబారు దాని తోక అంగుళంలో తప్పించి అడుగువేశాడు. కుక్క లేచి, ఒళ్ళు విరుచుకొని, ఈయన మడమలు వాసన చూస్తూ వెంటపడింది.

వైద్యుడి చెయ్యి రోగి మీద పడేదాకానే శకునానికి బలం. ఆ తరవాత ఏది కనపడినా చెల్లదు. ఈ లోపల బుట్ట జారినా, అఖాతు నోరు జారినా అంతే సంగతులు. నరాంతు ఎదురెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. వెనక వస్తున్న అఖాతు నోరు తెరవబోయింది. నరాంతు చూసిన చూపుకు ఆ నోరు మళ్ళీ మూతపడింది. ఆ వీధి ఎరిగినంతలో అలా జరగడం అదే మొదలు.

"కాళ్ళకేదో తగులుతోందమ్మాయ్," అన్నాడు బుట్టలోంచి ఉబారు.

"మేకపిల్లండీ."

"అలాగా. ముద్దుగా ఉందే."

మేకపిల్ల భౌ అంది.

ముగ్గురూ ఆగిపోయారు. అఖాతు తన పైబట్ట తీసి కుక్క మీద కప్పేసింది. బట్ట కింద కుక్క గిరగిరా తిరిగి, అది తన పాతిల్లన్నట్టు ముందే గడపదాటి లోపలికి పోయింది.

"గొంతు బొంగురుపోయింది పాపం," అన్నాడు ఉబారు. "నడవండి, నడవండి. పిల్ల ఎక్కడ?"

గడప తగిలి తూలాడు. గోడకున్న జల్లెడ కిందపడింది. చాచిన చెయ్యి గాలిలో తడుముకొని తడుముకొని ఒక నెత్తిమీద పడింది.

"వేడి లేదే. ఏడేళ్ళ పిల్లకు జుట్టు ఇంత పీచుగా ఉందేమిటి?"

"అది నా తల," అంది అఖాతు, పళ్ళు కొరుకుతూ. "చెయ్యి తియ్యండి."

నరాంతు ఆ చెయ్యి లాగి పిల్ల నుదుటి మీద పెట్టింది. ఉబారు ఇంకో చేత్తో బుట్ట తీసి విసిరేశాడు. ఆ క్షణం నుంచి ఆయన వేరే మనిషి.

"తడిగుడ్డలు. కిటికీ చాప ఎత్తెయ్యండి. కల్లుంటే గిన్నెలో పొయ్యండి, నాకు కాదు, మందుకి."

అతిమధురం వేరు దంచి కల్లులో కలిపి చుక్కచుక్కగా పిల్ల పెదాల మధ్య పోశాడు. మొదటిది బయటికొచ్చేసింది. మళ్ళీ పోశాడు. మధ్యమధ్య జ్వరంతో మాట్లాడాడు, చుట్టంచూపుగా వచ్చి తిష్టవేసిన మేనమామను సాగనంపుతున్నట్టు. "వచ్చావు, ఉన్నావు, సంతోషం. ఈ ఇంట్లో పెట్టేవాళ్ళు లేరు. ఇక బయల్దేరు."

మధ్యాహ్నం అయింది. పిల్ల ఒళ్ళు బిగుసుకుపోయింది. కళ్ళు తేలేసింది. అఖాతు మొహం గోడకు తిప్పుకుంది. ఉబారు చేతులు మాత్రం ఆగలేదు, గుడ్డ ముంచుతున్నాడు, పిండుతున్నాడు, వేస్తున్నాడు. నరాంతు పిల్ల పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకొని పట్టుకుంది, వదిలితే జారిపోతాయన్నట్టు.

అలా పట్టుకొనే, ఇక దాచలేక చెప్పేసింది.

"అయ్యా, నేను అబద్ధమాడాను. అది మేక కాదు. నల్లకుక్క. ఇల్షుబాని గారు దాన్ని చూసే వెళ్ళిపోయారు. అందుకేనేమో పిల్లకి..."

ఉబారు గుడ్డ పిండుతూ తల కూడా ఎత్తలేదు.

"తెలుసమ్మా. ముప్ఫయ్యేళ్ళుగా వింటున్నాను, మేక మొరిగిందెక్కడా లేదు."

"మరి తిరిగి వెళ్ళలేదేం?"

"కంటితో చూస్తే వెళ్ళాల్సిందే. చూసి కూడా లోపలికొస్తే తల్లిని కాదన్నట్టు, ఆ ధైర్యం నాకు లేదు. ఈ ఊళ్ళో చూస్తే అడుగుకో కుక్క. కళ్ళు తెరుచుకొని నడిస్తే సగం ఇళ్ళకు చేరలేను. అందుకని బుట్ట పెట్టుకున్నాను."

"అందరూ మీరు శకునానికి భయపడతారని నవ్వుతారు."

"నవ్వనీ. బొప్పి కడితే కట్టు నేనే కట్టుకుంటాను, ఎవరినీ పిలవక్కర్లేదు."

గోడవైపు తిరిగి కూర్చున్న అఖాతు మెల్లగా ఇటు తిరిగింది. "తల్లికి తెలియదా ఈ దొంగవేషం?"

"తెలియకేం. గాలి ఆవిడ చేతిలోదే కదా. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నా బుట్ట ఎగరగొట్టలేదు."

అఖాతు ఇంకేదో అనబోయి, తడిగుడ్డ ఆయన చేతిలోంచి లాక్కొని తానే ముంచింది.

పొద్దు వాలుతుండగా పిల్ల మెడ దగ్గర తడి తగిలింది. గుడ్డ నీళ్ళేమో అనుకుంది నరాంతు. తుడిచింది. మళ్ళీ తడి. నుదుటి మీద, చెవుల వెనక, చెమట. బిగుసుకున్న వేళ్ళు వదులయ్యాయి. బేల్తాని కళ్ళు తెరిచి, చాప పక్కన పడుకున్న నల్లకుక్కను చూసి, "ఇది మనదా?" అంది. అని తల్లి ఒళ్ళోకి పాకి నిద్రపోయింది. మామూలు నిద్ర, చిన్న గురక కూడా ఉంది.

అఖాతు ముక్కు చీదుకొని, వీధిలో అందరికీ చెప్పాలని పరుగెత్తింది. ఉబారు వెళ్ళడానికి లేచాడు. గుమ్మం బయట దీపాలు పెడుతున్నారు. ఆ వేళకు నేల కింది మనిషికి మట్టిగొట్టంలో నీళ్ళు పొయ్యాలి. పోయకపోతే పోయినవాళ్ళు అక్కడ దాహంతో ఉంటారు. మొగుడు పోయినప్పటినుంచి నరాంతు ఒక్క సాయంత్రం తప్పలేదు. ఆవిడ పిల్ల తల కింద చెయ్యి పెట్టి మెల్లగా లేవబోయింది.

"కూర్చో," అన్నాడు ఉబారు. "నువ్వు లేస్తే పిల్ల లేస్తుంది."

"ఆయనకు నీళ్ళు..."

"పోయినవాళ్ళకు ఓపిక ఎక్కువమ్మా, నాకు తెలుసు. కోపం వస్తే నన్ను తిట్టమను."

నరాంతు నీళ్ళచెంబు వైపు చూసింది. పిల్లను చూసింది. మూలనున్న మట్టిగొట్టం వైపు తిరిగి, వినపడీ వినపడనట్టు, "ఈ పూటకు సర్దుకో. నీ కూతురు ఒళ్ళో పడుకుంది," అంది.

చెంబు ఉన్నచోటే ఉంది. నరాంతు వెనక్కి గోడకు ఆనుకుంది.