పరగడుపున కొలిచిన బోరు

నంద్యాల జిల్లా అయిన మరుసటి ఏడు. కుందూ నది పరివాహకంలో భూగర్భజలాల లెక్క చూడటం నా పని. ఆళ్లగడ్డ వైపు ఊళ్లలో పదిహేను రోజులకోసారి రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచేవారు. ఆ అంకెలు ముందు పెట్టుకుని ఏ పంట వేయాలో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. దీన్ని మేం వాటర్ బడ్జెట్ అంటాం. ఉన్నదాన్ని బట్టే ఖర్చు, అంతే.

ఒక ఊరి అంకెలు నాకు అంతుపట్టలేదు. చుట్టుపక్కల బోర్లన్నీ అడుగంటుతుంటే, అక్కడ మాత్రం కొలిచిన ప్రతిసారీ నీళ్లు పైకే వస్తున్నాయి. వాన లేదు, చెరువు నిండలేదు. టేపు పాడైందేమోనని మార్చాను. ముందుగా కబురు పెట్టి నేనే వెళ్లి కొలిచాను. అదే అంకె. బుర్ర గోక్కున్నాను తప్ప కారణం తెలియలేదు. తెలియకుండానే, రబీకి వరి వేసుకోవచ్చని ఊరి సభలో చెప్పేశాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఊళ్లో కొలతకు పెట్టుకున్న బోరు మహబూబ్ బాషాది. ఆళ్లగడ్డలో కుట్టుమిషన్లు బాగుచేసే ఆయనకు ఆ బోరు కింద ఉన్న రెండెకరాలే ఏడాది తిండిగింజలు. నా మాట నమ్మి రెండూ వరి నాటాడు. పైరు పొట్టమీదుండగా బోరు ఎండింది. ఫోన్ రాగానే పరుగెత్తి కొలిస్తే, నీళ్లు ఎక్కడో పాతాళంలో ఉన్నాయి.

"పోయిన వారం ఇంత పైనున్నాయి కదా బాషా?"

"ఆపొద్దు కొలత దినం సార్. ఈపొద్దు కాదు కదా."

నాకేమీ అర్థం కాలేదు.

"కొలతుంటే రెండు దినాల ముందే మోటార్లు ఆపుతాం. ముందు నాదొక్కటే ఆపితి. ఆనెక పక్కోళ్లు ఆపిరి. పోయిన తూరి ఊరంతా ఆపిరి. నీళ్లు కుదురుకున్నాక కొలవమని మీరే చెప్తిరి. రక్తపరీక్షకు పరగడుపున పోమా? బోరుకూ అంతే అనుకున్యాం."

కొలిచే బోరును కాసేపు ఆపి, నీళ్లు కదలకుండా నిలిచాక చూసేదే స్టాటిక్ వాటర్ లెవెల్. ఎంతసేపు ఆపాలో, ఎవరి మోటారు ఆపాలో నేను చెప్పలేదు. వాళ్లు నాకంటే శ్రద్ధగా చేశారు. ఎవరిని తప్పుబట్టాలో తోచక గట్టుమీద బాషా పక్కన కూర్చున్నాను.

పక్కచేను మరియమ్మ మొక్కజొన్నకు నీళ్లు కట్టుకుంటూ అంతా వింటోంది. పార భుజానేసుకుని వచ్చింది.

"ఏందప్పా ఇద్దరూ అట్ల కూకున్నారు? కొలత కోసరం ఆపినోళ్లం, పైరు కోసరం ఆపలేమా?"

ముందు తన మోటారే ఆపింది. ఆ సాయంత్రమే ఊరు కూర్చుని మోటార్లకు వంతులు వేసుకుంది. నాలుగు రోజులకు బాషా బోరులో నీళ్లు అందాయి.

వాళ్ల పొరపాటు నన్ను తప్పుదారి పట్టించిందా, దారి చూపించిందా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఒకటి మాత్రం నేర్చుకున్నాను. ఏ ఊరికి వెళ్లినా, అంకె రాసుకునే ముందు నిన్న ఏం చేశారని అడుగుతాను. బాషాకు ఒక ఎకరం చేతికొచ్చింది. దాన్ని ఊరు కాపాడింది. రెండోది నా మాటకు ఎండిపోయింది.