మంచులో ఏకిన కణాలు

జానీ పాషా ఇంట్లో ఎండను మించిన పనివాడు లేడు. సిద్దిపేటలో పరుపులు, దిండ్లు కుట్టే ఆ దూదేకులాయన ఎండబెట్టని దూదిని ఏకే మిషన్ దరిదాపులకు రానివ్వడు. "ఎండ తగిలితెనే దూది విచ్చుకుంటది బిడ్డా, ఇంకొంచెం ఉండనీ" అన్న మాట వింటూనే ఆయన కూతురు ఫరీహా పెరిగింది. డాబా మీద దూది పరచడం, పోగు తెగకుండా వేళ్లతో విడదీయడం చిన్నప్పుడే నేర్చుకుంది. కాలేజీలో కొందరు ఆమెను దూదిపిల్ల అని ఏడిపించారు. ఆమె మాత్రం నిమ్మళంగా బయోటెక్నాలజీ చదివి, ఊళ్లోనే ఒక పరిశోధన ల్యాబులో ఉద్యోగం సంపాదించింది. ఏడిపించినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో మనకనవసరం.

ఆ ల్యాబు పనేమిటంటే, షుగరూ బీపీ లేకపోయినా కిడ్నీలు పాడవుతున్న కూలీల జబ్బు మూలం వెతకడం. ఇదివరకు కిడ్నీ ముక్కను మొత్తంగా నూరి, అన్ని కణాలకూ కలిపి ఒకే సగటు లెక్క తీసేవారు. అందులో ఏ కణం జబ్బుపడిందో, ఏది బాగుందో ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు ఒక్కో కణాన్నీ నూనెలో తేలే ఒక్కో నీటి చుక్కలో బంధించి, దేని గుర్తు దానికే తగిలించి, దానిలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడిగా చదివేస్తున్నారు. కాకపోతే చదవాలంటే కణాలు బతికుండాలి. హైదరాబాదుకు పంపితే దారిలోనే చచ్చిపోతున్నాయని, ముక్క నుంచి కణాలను విడదీసే పనిని సిద్దిపేటలోనే పెట్టి ఫరీహాకు అప్పగించారు.

ఆమె చేతిలోనూ చచ్చాయి. పరీక్షకు రంగు కలిపితే చచ్చిన కణం దాన్ని పీల్చుకుని నీలమవుతుంది. మైక్రోస్కోపులో ఎటు చూసినా నీలమే. రెండు నమూనాలు అలా పోయేసరికి పరిశోధనకు పెద్దయిన డాక్టర్ సుచిత్ర హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది.

"ఇంకొక్కటి చూద్దాం ఫరీహా. అది కూడా పోతే సిద్దిపేటను ఈ పరిశోధనలోంచి తీసేయక తప్పదు."

ఫరీహా ఫోన్ పెట్టేసింది. ఉద్యోగం పోతుందన్న దిగులు ఒకవైపుంది. అంతకంటే, జబ్బు ఇక్కడుంటే దాని ఆచూకీ తీసేవాళ్లు ఇంకో ఊరు వెతుక్కుంటారన్న ఉక్రోషం ఎక్కువైంది.

పోయిన నమూనాల్లో మిగిలిన కొద్ది కణాల జన్యువుల లెక్క ముందేసుకుని కూర్చుంది. వాటిలో వేడి దెబ్బకు తట్టుకోవడానికి మేల్కొనే జన్యువులన్నీ మేల్కొని ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం చేలో సొమ్మసిల్లిన కూలీలా ఉంది వాటి పరిస్థితి. కణాలను అతికించే జిగురును కరిగించే ఎంజైము ఒంటి వేడి దగ్గర పనిచేస్తుంది. కాసేపు చాలు. కానీ ముక్క విచ్చుకోలేదనిపించినప్పుడల్లా ట్యూబును వేడిలోంచి తీయబోయిన ఆమె చెయ్యి ఆగేది, ఇంకొంచెం ఉండనీ అని. తప్పెక్కడుందో అప్పుడు తెలిసింది. ఆమె కణాలను కూడా డాబా మీది దూదిలా ఆరబెట్టింది!

చల్లదనంలోనే పనిచేసే ఎంజైములు ఉన్నాయని చదివి ఉంది. మంచు ప్రాంతాల బ్యాక్టీరియా నుంచి తీసినవి. సుచిత్రను ఒప్పించి అలాంటిదొకటి తెప్పించింది. ఇంట్లో ఆ మాట చెబితే జానీ పాషా అన్నం కలపడం ఆపాడు.

"సల్లదనంల ఏకుడేంది? ముద్దయితది."

"గిది దూది కాదు బాపూ. పానమున్నది. ఎండకు చస్తది."

ఆయన ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే ఆయన జానీ పాషా ఎందుకవుతాడు?

మూడో నమూనా బెజ్జంకి ఊరి నుంచి వచ్చిన కూలీ భూపతిది. జబ్బు పరీక్ష కోసం ఎట్లాగూ కిడ్నీలోకి సూది వేస్తుంటే, పరిశోధనకూ బియ్యపుగింజంత ముక్క ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. "ఇంకోపాలి సూది పెడ్తరా చెల్లె?" అని మాత్రం భయంగా అడిగాడు.

"పెట్టం అన్నా, గిదొక్కటే" అంది ఫరీహా. ఆ మాట నిలబెట్టుకోవడం ఇప్పుడు ఆమె చేతిలో ఉంది.

ముక్కనూ కొత్త ఎంజైమునూ వేసిన ట్యూబును మంచులో గుచ్చి పట్టుకుంది. వేళ్లు కొంకర్లు పోతున్నా వేడి తగలనివ్వలేదు. పుట్టింటి విద్యలో సగాన్ని వదిలేసి సగాన్ని ఉంచుకుంది. వెడల్పు మూతి గొట్టంతో ద్రవాన్ని పైకీ కిందికీ తీసింది, పోగు తెగకుండా దూది విడదీసినంత నెమ్మదిగా. మైక్రోస్కోపులో కన్నుపెట్టింది. ఎక్కడో ఒకటీ అరా నీలం. మిగతావన్నీ ముత్యాల్లా తెల్లగా, గుండ్రంగా ఉన్నాయి. ఫరీహా కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వేసింది. అంత సంతోషం ఆమెకు డిగ్రీ వచ్చినరోజు కూడా కలగలేదు.

కొన్ని వారాలకు హైదరాబాదు నుంచి ఫలితం వచ్చింది. ఒక్కో కణానికి ఒక్కో చుక్క పెట్టి గీసిన పటం అది. సుచిత్ర అనుమతితో ఫరీహా దాన్ని భూపతికి చూపించింది.

"గివన్నీ నావేనా?"

"నీవే. దెబ్బతిన్నది ఎక్కువగ గీ ఒక్క గుంపు. తక్కినయి బాగనే కనవడుతున్నయి. మందు ఇంకా దొరకలేదన్నా. ఏడ వెతకాల్నో దొరికింది."

భూపతి బాగున్న చుక్కల మీద వేలు పెట్టాడు. "అయితే నా కిడ్నీల ఇంకా పానమున్నదన్నట్టు" అన్నాడు. అతని కళ్లు తడిశాయి.

సిద్దిపేట పరిశోధనలోనే ఉండిపోయింది. ఇప్పుడు మిగతా జిల్లాలవాళ్లు కూడా పని నేర్చుకోవడానికి ఫరీహా దగ్గరికే వస్తున్నారు. జానీ పాషా దూదిని ఇప్పటికీ ఎండలోనే పెడతాడు. దిండు కోసం వచ్చి ఇంకెంతసేపని తొందరపెట్టేవాళ్లకు మాత్రం ఈమధ్య కొత్త జవాబు చెబుతున్నాడు.

"నాకైతె ఎండ గావాలె. మంచుల ఏకాల్నంటే మా ఫరీహా తానకు పో."