కామాక్షయ్య బండ్ల దొడ్డి

కామాక్షయ్య చివరగా చేసిన పని ఒక బండి చక్రం కింద రాయి పెట్టడం. పంటపాళెం నుంచి వచ్చిన బండి అది. ఎద్దుల్ని విప్పి, కాడి దించి, నొగలు ఇంటి దోవకేసి తిప్పి, చక్రం కింద రాయి తోసి, అది కుదురుగా కూర్చుందో లేదో కాలితో తట్టి చూశాడు. బండి తోలుకొచ్చిన రైతు ఊళ్లో పని చూసుకుని తిరిగొచ్చేసరికి ఆయన అదే చక్రానికి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు, మొహం మీద తువ్వాలు కప్పుకుని. నిద్రపోతున్నాడనుకున్నాడు రైతు. చప్పుడు చెయ్యకుండా ఎద్దులకు నీళ్లు పెట్టుకున్నాడు. పెద్దాయన్ని లేపడం ఎందుకని ఒక చుట్ట కాల్చాడు. ఇక బండి కట్టక తప్పదని భుజం మీద చెయ్యి వేసినప్పుడు తెలిసింది.

"నీడ ఆయనకు వదిలేసి నేను ఎండలో నిలబడినానమ్మా" అని ఆ రైతే తర్వాత కామాక్షయ్య కూతురు జయశీలకు చెప్పుకున్నాడు, అదేదో తాను చేసిన తప్పయినట్టు. పందొమ్మిది వందల అరవై అయిదు ఎండాకాలం అది.

ఆ రోజుల్లో పొద్దెక్కాక నెల్లూరు చిన్నబజారులో ఎద్దుల బండికి చోటుండేది కాదు. జట్కాలు, రిక్షాలు, సైకిళ్లు, సరుకు దించే లారీలు. వాటి మధ్యకు బండి తోలుకుపోతే పోలీసాయన కాడి పట్టుకుని వెనక్కి తిప్పేవాడు. సముద్రం పక్క పల్లెల నుంచి ఒకపూట పని మీద వచ్చేవాళ్లు బండిని ఊరి బయటే వదిలి నడిచి పోవాలి. అలా వదిలే చోటు ముత్తుకూరు రోడ్డులో కామాక్షయ్య దొడ్డి. చుట్టూ తాటాకు దడి, లోపల నాలుగు చింతచెట్లు, ఒక గిలకబావి, అంతే. పెళ్లాం పోయాక చిన్నపిల్ల జయశీలను చంకనేసుకుని పల్లె విడిచి వచ్చి ఆ ఖాళీ స్థలం బాడుగకు తీసుకున్నాడు. ఆమె ఆ బండ్ల మధ్యే పెరిగింది.

ముందొచ్చిన బండి ముందు, వెనకొచ్చింది వెనక అనే లెక్క ఆయన దగ్గర లేదు. ఏం పని మీద వచ్చినారో అడిగి, దాన్నిబట్టి చోటు చూపించేవాడు. ఆస్పత్రి బండి వాకిటి పక్కనే, ఎప్పుడు కట్టాల్సి వస్తుందో తెలియదు కాబట్టి. కోర్టు బండి చిక్కటి నీడన, వాయిదా మనిషి సాయంత్రం దాకా రాడు కాబట్టి. పెళ్లి కోకలకు వచ్చిన బండి అన్నిటికన్నా వెనక. "ఆడోళ్లు కోకల అంగట్లో కూర్చున్నాక మనం తొందరపడి ఏం లాభం" అనేవాడు. ఎండుచేపల బండి మాత్రం గాలి వాలు చూసి దడి మూలకు.

కృష్ణపట్నం దగ్గర చేపలు పట్టే పల్లెకారి గంగులయ్యకు ఆ మూల మీదే పేచీ.

"ఏం మామా, మేమంటే నీకంత అలుసా? ఎప్పుడొచ్చినా మూలకే తోస్తావు."

"నీ బండి వాసనకి కోర్టోళ్లు వాయిదా మరిచిపోతా ఉండారబ్బయా. మూలకే పో."

"పులుసు కాచిన రోజు గిన్నె పట్టుకొని వస్తావే?"

"అది పులుసు. ఇది బండి."

గంగులయ్య పెళ్లాం చెంచమ్మకు సముద్రమంటే లేని భయం ట్రంకురోడ్డు దాటాలంటే ఉండేది. కామాక్షయ్య ఆమెను వాకిటి దాకా సాగనంపి చెప్పేవాడు: "లారీని చూసి ఉరకబాకమ్మే. ఆవు ఎప్పుడు దాటతాదో చూసుకొని దాని పక్కనే నువ్వూ దాటు. ఈ ఊళ్లో లారీవాడు మనిషికి ఆగడు, ఆవుకు ఆగతాడు."

ఒకరోజు చెంచమ్మ బాగా పొద్దుపోయి వచ్చింది.

"ఆవు దొరకలేదు మామా. ఎనుము కోసం నిలబడినా."

"ఎనుమే మేలు. దానికి తొందర లేదు."

"దానికి లేదు, నాకుంది" అని గంగులయ్య అప్పటికే ఎద్దుల్ని కాడికి కట్టేస్తున్నాడు.

మనుషుల పేర్లు కామాక్షయ్యకు నిలిచేవి కావు. ఊరూ ఎద్దులూ నిలిచేవి. పంటపాళెం మైలెద్దు వాళ్లు, మల్లూరు కోరకొమ్ముల వాళ్లు అంటే వాళ్ల తాతల నాటి సంగతులు కూడా చెప్పగలడు. జయశీలను ఇచ్చింది బ్రహ్మదేవం ఊళ్లో బోడెద్దు వాళ్లకు. అల్లుడి పేరు పద్మనాభయ్య అని పెళ్లిపత్రికలో అచ్చయింది. ఆయన నోట మాత్రం ఎప్పుడూ "మా బోడెద్దు వాళ్లబ్బాయి" అనే.

ఆ అబ్బాయికి బిట్రగుంట రైలు షెడ్డులో ఫైర్‌మన్ ఉద్యోగమొచ్చి, కాలనీలో ఇల్లు ఇచ్చారు. ఎర్ర ఇటికల ఇల్లు, దొడ్లో కొళాయి, గదికో దీపం. దాన్ని నాయనకు చూపించాలని, తన చేత్తో ఒక్కపూట అన్నం పెట్టాలని జయశీలకు ఒకటే ఆశ. చిన్నప్పట్నుంచీ పొయ్యి ముందు కూర్చుని తనకు వండిపెట్టిన మనిషి. బిడ్డ పుట్టేదాకా కూతురింట్లో చెయ్యి కడగకూడదని మొదట్లో ఆయన వంక. ఆనందకుమారి పుట్టాక ఆ వంక పోయింది.

"దొడ్డి ఎవురు చూస్తారు తల్లీ?" అనడం మొదలుపెట్టాడు.

"ఒక్కపూట గంగులయ్య మామ చూడడా?"

"వాడా? వాడికి వదిలితే సాయంత్రానికి కోర్టోళ్లందరి చేతుల్లో ఎండుచేపల మూటలుంటాయి."

ఆమె నవ్వేది. తిరిగి బిట్రగుంట రైలెక్కాక ఆ నవ్వు ఉండేది కాదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ల తండ్రులు గూడూరు నుంచి, ఒంగోలు నుంచి వచ్చి అరుగుల మీద కూర్చుంటుంటే, ఒక గంట ప్రయాణం చెయ్యలేని తండ్రి తనకు ఎందుకున్నాడో అర్థమయ్యేది కాదు. "బయల్దేరే ముందు కబురు పంపు నాయనా, మీ అల్లుడు స్టేషనుకొచ్చి తోడుకొస్తాడు" అని వచ్చినప్పుడల్లా చెప్పేది. కబురు రాలేదు.

ఆయన చనిపోయిన ఏడు ఉగాదికి వచ్చినప్పుడు ఇక ఆగలేక అనేసింది. "నాకన్నా నీకు ఎద్దులే ఎక్కువ నాయనా. ఒక్కసారి వచ్చినావా నా ఇంటికి?"

ఆయన చేతిలో పలుపు ఉంది. దాని పురి సరిచేశాడు. ఏదో చెప్పబోయినట్టు ఒకసారి తలెత్తి, మళ్లీ పలుపు చూసుకున్నాడు. "వస్తాలేమ్మా" అన్నాడు చివరికి. మనవరాలిని ఎత్తుకుని రిక్షా దాకా వచ్చాడు. అదే ఆమె ఆయన్ని ఆఖరుసారి చూడటం.

కర్మలన్నీ దొడ్డిలోనే జరిగాయి. బండ్లు తోలుకొచ్చిన వాళ్లు బయట రోడ్డు పక్కన, ఎవరికి తోచినట్టు వాళ్లు, అడ్డదిడ్డంగా వదిలి లోపలికొచ్చారు. గంగులయ్య వాటిని సర్దబోయి, ఏది ఎక్కడ పెట్టాలో తోచక, గట్టు మీద కూలబడ్డాడు.

బిట్రగుంటకు తిరిగొచ్చాక జయశీల పెళ్లినాటి ఫొటోలోంచి నాయన బొమ్మ ఒక్కటే పెద్దది చేయించి ముందుగదిలో తగిలించింది. పక్కింటి ప్రమీలమ్మ, గార్డు గారి భార్య, బెజవాడ మనిషి, పలకరించడానికి వచ్చి ఆ ఫొటో ముందు ఆగిపోయింది.

"ఈయన మీ నాన్నగారా జయశీలా?"

"అవునక్కా."

"ఈయన మా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగారు. పోయిన చలికాలం."

జయశీల నమ్మలేదు. పొరబడ్డావేమో అంది.

"పొరబడలేదమ్మా. భుజాన ఒక మూట ఉంది. ఇళ్ల వరసలన్నీ తిరిగి అలిసిపోయి వచ్చారు. బ్రహ్మదేవం బోడెద్దు వాళ్ల ఇల్లు ఏదమ్మా అని అడిగారు. ఇక్కడ ఎద్దులెవరికి ఉంటాయి పెద్దాయనా, అందరూ రైలు వాళ్లే కదా అన్నాను. అబ్బాయి పేరేమిటంటే ఎంత తలుచుకున్నా ఆయనకు రాలేదు. ఆడపిల్ల పేరు వీధిలో ఎత్తకూడదనుకున్నారేమో, నీ పేరు మాత్రం చెప్పలేదు."

ఆ కాలనీలో ఎవరూ ఎవరినీ మీదే ఊరని అడగరు. ఏ షెడ్డు, ఏ డ్యూటీ అని అడుగుతారు. పక్క పక్కనే అన్నేళ్లున్నా ప్రమీలమ్మకు బ్రహ్మదేవమంటే జయశీల అత్తగారి ఊరని తెలియదు.

"నేను ఇంట్లో లేనా అక్కా ఆ రోజు?" అని జయశీల అడిగింది.

"ఉన్నావు. దొడ్లో పాపకు నీళ్లు పోస్తున్నావు. నీళ్లు తాగి చెంబు నా చేతికిస్తూ, 'ఆ పక్కింటి బిడ్డ బో ఏడస్తా ఉందమ్మా, నీళ్లు వేడెక్కువైనట్టుండాయి, కాస్త చెప్పు' అని, స్టేషను వైపు వెళ్లిపోయారు."