మా ఎదురింట్లో చలి అంటే ప్రయాణం

డిసెంబరు వచ్చిందంటే మా ఆయన మనిషి మాత్రమే రాయపూర్‌లో ఉండేవారు, మనసు భీమిలిలో. అది ఆయన పుట్టిన ఊరు. పొద్దున్నే కుళాయి కింద చెయ్యి పెట్టి, "ఈ నీళ్ళు కరుస్తున్నాయే. అక్కడ ఈపాటికి సముద్రం వెచ్చగా ఉంటది" అని మొదలుపెట్టేవారు. లోకో షెడ్డులో ఫిట్టరు. ప్రతి చలికాలం వారం సెలవు పెట్టి విశాఖ బండెక్కేవారు. భీమిలిలో ఏరు సముద్రంలో కలిసేచోట మోకాలిలోతు నీళ్ళలో నిలబడి గాలం వేసేవారు. కర్ర ఉండదు, చేతిగాలమే. నైలాను దారం చూపుడు వేలి మీద ఆనించి నిలబడాలి. చేప ఎరని ముట్టుకుంటే ఆ వేలికి తెలుస్తుంది. పట్టింది వేలెడంత చేపే అయినా, ఇంటికొచ్చాక ఆయన నోట్లో అది ఏడాదంతా పెరిగేది.

నాకు ఒళ్ళు మండేది. నేను ఆసుపత్రిలో నర్సుని, సెలవు దొరకడమే గగనం. సముద్రం వెచ్చగా ఉండడమేమిటి, కోతలు కాకపోతే అనుకునేదాన్ని. ఒక్కసారి కూడా ఆయన వెంట వెళ్ళలేదు.

ఒక ఏడాది ఆగస్టులో ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలు త్వరగానే కోలుకుంది. మాట ఒక్కొక్కటిగా తిరిగొచ్చింది, మాటకీ మాటకీ మధ్య బోలెడు ఎడం. తెలుగు, హిందీ ఏది ముందు దొరికితే అది అనేవారు. కుడిచెయ్యి మాత్రం రాలేదు. చూపుడు వేలిని సూదితో గుచ్చినా తెలిసేది కాదు. రబ్బరు బంతి పిసకమని ఇస్తే దాన్ని ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవారు. ఎందరి చేతులకో కసరత్తు చేయించినదాన్ని, సొంత మనిషి దగ్గర ఓడిపోయాను. కోప్పడ్డాను, బతిమాలాను, స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను కూడా.

డిసెంబరులో ఒకరోజు ఎండ కోసం ఆయన్ని వాకిట్లో కూర్చోబెట్టాను. ఎదురింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ గుమ్మంలో మెంతికూర తుంచుతోంది. ఆయన వణికిపోతూ "చలి" అన్నారు.

"కహాఁ చలీ?" అందావిడ తలెత్తి.

మన చలి హిందీవాళ్ళ చెవిన పడితే "బయల్దేరింది" అవుతుంది. నేను కాపురానికొచ్చిన కొత్తలో చలి చలి అంటుంటే, ఎక్కడికి బయల్దేరావని ఆవిడ నిజంగానే అడిగింది. తర్వాత అర్థం తెలిసినా వదల్లేదు, ఏటేటా అదే వేళాకోళం. ఆరోజు ఇంకో మాట కలిపింది. "మీరు మగాళ్ళు కదా భయ్యా, చలా అనాలి."

ఆయన పెదవులు చాలాసేపు కదిలాయి. "భీమిలి" అన్నారు. నాలుగు నెలల తర్వాత ఆయన మొహంలో నవ్వు చూశాను.

నేనూ తక్కువదాన్ని కాను. బంతిని అటక మీదికి విసిరేసి, ట్రంకు పెట్టెలోంచి గాలం తీశాను. రోజూ ఎండలో దారం ఆయన వేలి మీద ఆనించి, కళ్ళు మూసుకోమని, రెండో కొస నేను లాగేదాన్ని. "పడిందండీ చేప, తెలిసిందా?" తల అడ్డంగా ఊపేవారు. నాకు డ్యూటీ ఉన్నరోజు ఆ కొస ఎదురింటావిడ పట్టుకునేది. ఎన్నడూ సముద్రం చూడని మనిషి. "సచ్ మే గరమ్ రహతా హై?" అని, సముద్రం నిజంగా వెచ్చగా ఉంటుందా అని నన్నే అడిగేది. నాకేం తెలుసు?

జనవరి చివరికి దారం పట్టుకునేంత పట్టు వచ్చింది. స్పర్శ మాత్రం రాలేదు. ఆరు నెలలు దాటుతున్నకొద్దీ ఆశ సన్నగిల్లుతుందని నాకు తెలుసు, ఆయనకి చెప్పలేదు. సెలవు పెట్టి, ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాను.

భీమిలిలో తెల్లవారుజామున గాలి చల్లగా కొడుతోంది. ఆయన నడుం పట్టుకుని నీళ్ళలో అడుగుపెట్టాను. వెచ్చగానే ఉన్నాయి. ఇన్నేళ్ళు ఆ మనిషి మాట నమ్మనందుకు సిగ్గేసింది. గాలానికి రొయ్య గుచ్చి, దూరంగా విసిరి, దారం ఆయన వేలికి ఆనించాను. చాలాసేపు ఏమీ లేదు.

"చలి" అన్నారు.

"చూశారా, గాలిలో ఎంతసేపని నిలబడతారు? పదండి వెళ్దాం" అంటూ శాలువా కప్పాను. భుజం విదిలించి దాన్ని తోసేశారు. పెదవులు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా రెండో మాట కోసం వెతుక్కున్నారు.

"గయీ."

చలి కాదు, చలీ గయీ, వెళ్ళిపోయిందని. హిందీలో చేప ఆడది. వచ్చింది, ఎర కొరికింది, వెళ్ళిపోయింది. ఇంటి దగ్గరైతే రెండో కొస లాగింది నేనే. ఇక్కడ ఆ కొస నీళ్ళలో ఉంది.

ఆయన తన చూపుడు వేలిని నా మొహం ముందు పెట్టి చూపించారు. తర్వాత "ఎర" అన్నారు, ఆలస్యం చేస్తున్నానని విసుగ్గా. ఇంకో రొయ్య గుచ్చడానికి నాకు మూడు ప్రయత్నాలు పట్టాయి.