ముందు వరసలో ముసలమ్మలు

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను.

ఈ వాక్యం రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. ఇంకెవరైనా ఇలా మొదలుపెట్టి ఉంటే "ఎన్ని కేజీలుంటుందన్నా?" అని అడిగేవాణ్ణి. చిన్నప్పటి నుంచీ నా పని అదే. ఎవరి గొంతైనా కాస్త బరువెక్కితే సూదితో ఓ పోటు పొడిచి గాలి తీసేస్తాను. పెళ్లిళ్లలో అప్పగింతలప్పుడు నన్ను దూరంగా నిలబెడతారు మా వాళ్లు. ఇప్పుడు నా గొంతుకే ఆ జబ్బు పట్టుకుంది. సూది కోసం వెతుకుతున్నాను, కనిపించడం లేదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకూ తెలియదు. ఆ ఒక్క ధైర్యంతోనే రాస్తున్నాను. ఇందులో పేర్లు కూడా మార్చాను.

నేనొక ఇంజనీరింగ్ యూనివర్సిటీలో పనిచేస్తాను. పాఠాలు చెప్పను. పిల్లల్ని ఒక సెమిస్టర్ చదువుకి విదేశాలకు పంపే విభాగం ఒకటుంది, నాయకత్వ శిక్షణ కూడా మాదే. అందులో కోఆర్డినేటర్‌ని. నేను నాయకుణ్ణి కాదు, విదేశం చూడలేదు. అయినా ఆ రెండింటి గురించీ పిల్లలకు చెప్పి జీతం తీసుకుంటాను. యూనివర్సిటీ ఊరి బయట ఉంటుంది. మా ఆఫీసు మాత్రం ఫిల్మ్‌నగర్‌లో, ఒకప్పుడు డబ్బింగ్ థియేటర్‌గా నడిచిన ఇంట్లో. ఇంటర్వ్యూలు జరిగే గదికి ఇప్పటికీ ఆ మెత్తటి గోడలే. లోపల ఎవరేం మాట్లాడినా బయట వరండాలోకి చిన్న శబ్దమైనా రాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

విదేశీ సీటు ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. మీరు ముందు నిలబడి నలుగురిని నడిపించిన సందర్భం ఒకటి చెప్పండి, అని. దానికి మా పిల్లలందరిదీ ఒకటే జవాబు. మొక్కలు నాటించాం. వాళ్లు చెప్పినన్ని మొక్కలు నిజంగా నాటి ఉంటే ఈపాటికి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో పులులు తిరిగేవి. ఆ జవాబుల్ని ముందుగా విని, సరిదిద్ది, రిహార్సల్ చేయించడం నా పని. చెప్పిన సంఘటన నిజమో కాదో విచారించడం కూడా నా పనే.

ఆ ఏడు జర్మనీకి ఒకటే సీటు ఉంది. రేణుక రిహార్సల్‌కి వచ్చింది. కృష్ణానగర్ అమ్మాయి. వాళ్లమ్మ జూనియర్ ఆర్టిస్టుల ఏజెంట్. అంటే సినిమాలో జనం కావాలన్నప్పుడు జనాన్ని పోగుచేసి తీసుకెళ్లే మనిషి. ఒకసారి తల్లికి జ్వరమొస్తే ఆ జనాన్ని తీసుకుని రేణుకే వెళ్లిందట. జూబ్లీహిల్స్‌లో ఎవరిదో బంగళా. చావు సీను. ఎండ మాడిపోతోంది. శవం చుట్టూ ఉన్న కాస్త మేరకే షామియానా. మామూలుగా అయితే కెమెరాకి దగ్గరగా ఉండేది వయసులో ఉన్నవాళ్లు, చూడచక్కని మొహాలు. ముసలివాళ్లు వెనక ఎండలో నిలబడాలి. ఆ వెనక వరసలో ఆమె అమ్మమ్మ కూడా ఉంది. ఆమెకి కాళ్లు నిలవవు. రేణుక వరసలు మార్చేసింది. ముసలమ్మలందరినీ తెచ్చి శవం పక్కన, నీడలో కూర్చోబెట్టింది. అసిస్టెంట్ డైరెక్టర్ మీదకొచ్చాడు. నిజం చావులో శవం దగ్గర ఎవరు కూర్చుంటారో మీరే చెప్పండి సార్, అని అడిగిందట ఆమె. అతను ఆలోచించాడు. డైరెక్టర్‌కి కూడా అదే నచ్చింది. పొద్దు వాలేదాకా ముసలమ్మలు నీడలో కూర్చుని ఏడ్చారు. శవంగా పడుకున్నాయన మాత్రం నిద్రపోయి గురకపెట్టాడు.

నేను ఆ గురక దగ్గర పడీపడీ నవ్వాను. ఆమె కూడా నవ్వింది. నవ్వయ్యాక ఒక మాటన్నాను. ఇది నాయకత్వం కాదమ్మా, ఇది జనం తోలడం, ఇంటర్వ్యూ చేయడానికి వచ్చేవాళ్లు పెద్దవాళ్లు, మొక్కలు చెప్పుకో.

నిజంగా అలాగే అనుకున్నానా? దీన్ని చాలాసార్లు తిరగేసి చూశాను. మా నాన్న షూటింగుల్లో లైట్‌మన్. ఆయన మోసినవి అసలైన బరువులు. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు, తెలియనివ్వలేదు. యూసుఫ్‌గూడలో ఇల్లు పెట్టుకుని కూడా ఎక్కడుంటారని అడిగితే జూబ్లీహిల్స్ పక్కనే అంటాను. ఆ అమ్మాయి ఆ గదిలో అంత తేలిగ్గా, తల ఎత్తి వాళ్లమ్మ పని గురించి చెబుతుంటే నాకెందుకో భయం వేసింది. నా వంతు వచ్చేస్తుందేమో అన్నట్టు. నేను కప్పిపెట్టుకున్నదాన్ని ఇంకొకరు విప్పి చూపిస్తే చూడలేకపోయానా? కావచ్చు. అయినా అప్పటికి నాది తెలివితక్కువతనమే. తప్పు తర్వాత వచ్చింది.

మర్నాడు నిఖిల్ వచ్చాడు. మంచి పిల్లవాడు. ఇక్కడ అతన్ని దుర్మార్గుణ్ణి చేసేస్తే నాకు చాలా సుఖంగా ఉండేది, కానీ అతను కాడు. జూబ్లీహిల్స్‌లో పెద్ద ఇల్లు. పై అంతస్తులో వాళ్లుంటారు, కింద అంతస్తు షూటింగులకు ఇస్తారు. మార్కులున్నాయి, ఇంగ్లీషుంది. చెప్పుకోవడానికి ఒక్క సంఘటన లేదు. సార్, నన్నెప్పుడూ ఎవరూ ఏ పనీ చేయనివ్వలేదు, అని తల దించుకున్నాడు. అతన్ని నవ్విద్దామని రేణుక కథ చెప్పాను. పేరు చెప్పలేదు. గురక కూడా పెట్టి వినిపించాను. నవ్వాడు. మా ఇంట్లో కూడా ఇలాంటి సీన్లు తీస్తారు సార్, అన్నాడు.

అయితే నువ్వే చెప్పేయ్, అన్నాను.

అది జోకే. ఇద్దరం నవ్వాం. కానీ ఆ జోకుని వెనక్కి తీసుకునే వంతు నాది, నేను తీసుకోలేదు. అతను నా మొహం వంక చూస్తున్నాడు. కాసేపటికి ఇద్దరం ఆ కథని వాళ్లింటి పోర్టికోలోకి దించేశాం. ఏజెంట్ రాలేదు, ఇంటి కుర్రాడు ముందుకొచ్చి సర్దాడు, అంతే. అమ్మమ్మ అందులో ఇమడలేదు. తీసేయమన్నాను. ఇది నిజంగా ఎవరికి జరిగింది సార్, అని అడిగాడు పాపం. కృష్ణానగర్‌లో ఇలాంటివి గల్లీకొకటి ఉంటాయి, ఎవరివని అడుగుతావు, అన్నాను.

ఎందుకు చేశాను? లంచం లేదు, ఒత్తిడి లేదు. కథని చక్కగా చెక్కుతున్నానన్న సరదా. నా చేతిపని నాకే ముద్దొచ్చింది. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని చాలాసార్లు వెతికాను. లేదు.

ఇంటర్వ్యూ రోజు నేను గదిలో ఒక మూల కూర్చున్నాను. పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలవడం, గ్లాసుల్లో నీళ్లు నింపడం నా పని. బల్ల వెనక మా హెడ్ మేడమ్, జర్మనీ నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ, రిటైరైన కంపెనీ పెద్దాయన ఒకరు. నిఖిల్ చెప్పాడు. బాగా చెప్పాడు. శవం దగ్గర కూర్చునేది ఎవరు అన్న మాట వచ్చేసరికి ప్రొఫెసరమ్మ పెన్ను పక్కన పెట్టేసి వింది. మేడమ్ నా వైపు తిరిగి, ఇది మీరు విచారించారా అని అడిగారు.

నాకు తెలుసు మేడమ్, అన్నాను.

చూశారా, అబద్ధం కూడా కాదు. జరిగిందని నాకు తెలుసు. ఎవరికి జరిగిందని ఆవిడ అడగలేదు.

తర్వాతి పేరు రేణుకది. పిలవడానికి వరండాలోకి వచ్చాను. ఇస్త్రీ చేసిన చుడీదార్, చేతిలో ఫైలు. లోపల నిఖిల్ చెప్పింది ఆమెకి వినబడలేదు, లేచి నా దగ్గరికొచ్చింది. ఆ మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

"సార్, మొక్కల ముచ్చట నాతోని అయితలేదు. నేను నాటనే లేదు గద. షూటింగ్‌దే చెప్తా."

"వద్దమ్మా."

"ఎందుకు సార్? నిజంగ అయింది నా దగ్గర అదొక్కటే ఉన్నది."

ఆ మాటకి జవాబు చెప్పడానికి నాకు ఒక్క క్షణం ఉంది. లోపలికెళ్లి ఆమె అదే కథ చెబితే ఏమవుతుందో నాకు స్పష్టంగా తెలుసు. రెండోసారి విన్న కథే దొంగ కథ అవుతుంది. మేడమ్ మళ్లీ నా వైపే తిరుగుతారు. అప్పుడు ఎవరికి అన్నది కూడా అడుగుతారు. నా ఉద్యోగం పోతుందని కూడా కాదు, ఆ గదిలో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అందుకని నాకొచ్చిన ఏకైక విద్య ప్రయోగించాను.

"లోపల ముగ్గురూ ఇప్పటికే శవాల్లా కూర్చున్నారు. నువ్వు చావు సీను ఎత్తుకుంటే గురక కూడా మొదలుపెడతారు."

ఆమె నవ్వేసింది. నోటికి ఫైలు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది.

"సరే సార్. మీరు చెప్పినంక ఇగ అంతే."

తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో. నవ్వింది.

లోపల మొక్కలు నాటించానని చెప్పింది. అందులో ఎన్ని బతికాయని ప్రొఫెసరమ్మ మామూలుగా అడిగింది. మా పిల్లలు ఇలాంటి చోట ఏదో ఒక అంకె వేసేస్తారు. రేణుక మాత్రం, చూడలేదు మేడమ్, అంది. ఆమెకి అబద్ధం రాదు. నేనిచ్చిన అబద్ధం ఆమెకి సరిపోలేదు, ఆమె నిజం నేను ఇంకొకరికి తొడిగేశాను. మూలన కూర్చుని ఇదంతా చూశాను. లేచి రెండు మాటలు చెప్పి ఉండొచ్చు. లేచాను కూడా. పెద్దాయన గ్లాసులో నీళ్లు పోసి మళ్లీ కూర్చున్నాను.

సీటు నిఖిల్‌కి వచ్చింది. వెళ్లాడు, వచ్చాడు, నాకు చాక్లెట్ల డబ్బా తెచ్చాడు. అది నేను తినలేదని రాద్దామనిపించింది. తిన్నాను.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఎలాగో సర్దుకునేవాణ్ణి. మేడమ్‌కి ఆ కథ తెగ నచ్చింది. అప్పటి నుంచీ ప్రతి ఏడూ కొత్త పిల్లల నాయకత్వ శిబిరంలో అది మోడల్ జవాబు. దాన్ని చెప్పేది నేనే. నిఖిల్ పేరుతో. గురకతో సహా. చప్పట్లు కొడతారు. నా ఐటమ్స్‌లో అన్నిటికంటే హిట్ అదే.

ఈ ఏడు శిబిరంలో వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. బోరబండ నుంచి వస్తుందట. గంత పెద్ద బంగళాల ఉండే అన్నకు, ఎండల నిలబడే ముసలోళ్ల తిప్పలు ఎట్ల తెల్సినయి సార్, అని అడిగింది. అడగడంలో ఎత్తిపొడుపు లేదు. నేర్చుకుందామని అడిగింది.

జవాబు నాకు తెలుసు. ఆ వరసలో అమ్మమ్మ ఉంది కాబట్టి. ఆ అమ్మమ్మని తీసేయమన్నది నేనే. తెలివైనవాళ్లకి అన్నీ తెలుస్తాయమ్మా, నాకు తెలియవు కాబట్టే ఇక్కడ మీకు నీళ్లు పోస్తున్నాను, అన్నాను. హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు, కూర్చుంది. రాసుకోవడానికి తెరిచిన పుస్తకం మూసేసింది.

తర్వాతి ఆదివారం కృష్ణానగర్‌లో టిఫిన్ బండి దగ్గర రేణుక కనిపించింది. పక్కన వాళ్లమ్మ. ఇప్పుడేదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తోందట, బాగానే ఉంది. బాగానే ఉందని రాస్తున్నప్పుడు నా చెయ్యి ఎంత హాయిగా కదిలిందో. బాగానే ఉంటే మాత్రం? ఆ సీటు ఆమెది కాకుండా పోతుందా? వాళ్లమ్మకి నన్ను చూపించి, ఇంటర్వ్యూ దినం నన్ను నవ్విచ్చిండని చెప్పిన గద, ఈ సారే, అంది. ఆ తల్లి నాకు దండం పెట్టింది. ఆ దినం పిల్ల ఏడ్చుకుంట వస్తదేమో అని భయపడ్డదట, నవ్వుకుంట వచ్చిందట. మీ పుణ్యమే సార్, అంది.

ఏదో ఒకటి మాట్లాడాలి కదా. అమ్మమ్మ ఎలా ఉన్నారని అడిగాను.

రేణుక మొహం మారిపోయింది. పోయిన చలికాలంలో పోయిందని చెప్పింది. చెప్పి, ఆశ్చర్యంగా, సంతోషంగా కూడా, నా వైపు చూసింది.

"మా అమ్మమ్మ మీకు యాదికున్నదా సార్?"

యాదికుందమ్మా, అన్నాను. అది కూడా అబద్ధం కాదు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. చేతిలో ఇడ్లీ ప్లేటుంది, ఎదురుగా వాళ్లిద్దరూ ఉన్నారు, నోట్లో మాట ఉంది. చట్నీ బాగుందన్నాను. వాళ్లు వెళ్లిపోయేదాకా చట్నీ గురించే మాట్లాడాను.

మేడమ్‌కి చెప్పలేదు. నిఖిల్‌కీ చెప్పలేదు. వచ్చే శిబిరంలో ఏం చెబుతానో తెలియదు, చెప్పేస్తానని ఇక్కడ మాటిచ్చి మీ ముందు మంచివాణ్ణి కాలేను. రేణుక అన్నది కూడా అసలు పేరు కాదు. నిజం రాస్తున్నానని కూర్చున్న ఈ చోట కూడా ఆమె కథని ఆమె పేరున పెట్టలేకపోయాను. ఇంకొకరు రాసి ఉంటే దీని మీద మంచి జోకు వేసేవాణ్ణి.

ఒక్క వాక్యం మాత్రం, ఇన్నేళ్లలో మొదటిసారి, గురక లేకుండా రాస్తాను. ఆ ముసలమ్మల్ని నీడలో కూర్చోబెట్టింది కృష్ణానగర్ అమ్మాయి, ఎందుకంటే అందులో ఒకరు ఆమె అమ్మమ్మ.

రాశాను. గొంతులో బరువు కొంచెం దిగింది.