అరవై రెండు పర్మిట్లు

బాసిత్ ఆదోని గొర్రెల వ్యాపారి కొడుకు. కంప్యూటర్ కోర్సు చదివి మెల్‌బోర్న్ వచ్చి, క్లేటన్‌లో ఓ చిన్న ఆఫీసులో పాత ప్రోగ్రాముల తేదీలు సరిచేసే పనిలో చేరాడు. రెండు వేల సంవత్సరం జూలైలో మధ్య ఆసియా కొండగొర్రెల లెక్క అతని ముందుకొచ్చింది. ఎనిమిదేళ్లు దాటిన ప్రతి పది పొట్టేళ్లకు ఒక వేట పర్మిట్ ఇవ్వాలన్నది అక్కడి నియమం. పోయినేడు పన్నెండు ఇచ్చారు. ఈసారి ప్రోగ్రాం అరవై రెండు అంది.

ఏ మందలోనైనా ఒక్క ఏడాదిలో ముసలి పొట్టేళ్లు ఐదింతలవుతాయా? వెతికితే దొరికింది. మేలో పుట్టిన మగ గొర్రెపిల్లల పుట్టిన ఏడాది రెండంకెల్లో సున్నా సున్నా అని ఉంది. ప్రోగ్రాం దాన్ని పంతొమ్మిది వందలుగా చదివి, వాటికి వందేళ్లు కట్టింది. బాసిత్‌కు ఒళ్లు మండింది. రెండు సున్నాలు చూసుకోలేని వాళ్లకు జీవాల లెక్క అప్పగించిందెవడు?

మేనేజర్ శ్రీపతి నవ్వాడు. "భలేవాడివయ్యా! అరవై రెండు పర్మిట్లు అమ్ముకోవచ్చని క్లయింట్ హ్యాపీగా ఉన్నాడు. సాయంత్రంలోపు సంతకం పెట్టి పంపించెయ్. నీకు వీసా కావాలా, గొర్రెలు కావాలా?"

"వేటగాడు పాలు తాగే పిల్లను కొట్టడు సార్, కొమ్ములు తిరిగినదాన్నే కొడతాడు. అట్లాటివి ఉండేదే నూటిరవై. సగం లేపేస్తే ఆ మంద ఏం గావల్ల? మా అబ్బాకు చదువు రాదు. అయినా పిల్లను ముసలిదని సంతలో ఎప్పుడూ అమ్మలేదు."

"అయితే రేపట్నించి ఆ సంతకే పో."

బాసిత్ ఆ లెక్కను ఒప్పుకుంటూ సంతకం పెట్టలేదు. కాగితం మీద అడ్డంగా 'తప్పు లెక్క, పర్మిట్లు పన్నెండే' అని ఇంగ్లీషులో రాసి, కింద తన పేరు వేసి, తనే ఫ్యాక్స్‌లో పెట్టాడు. యంత్రం కాగితాన్ని పూర్తిగా లాక్కునేదాకా శ్రీపతిని దాని దగ్గరికి రానివ్వలేదు.