బంతి తలలు

నా చిన్నప్పుడు మా ఊళ్లో అందరిదీ చెరకే. అనకాపల్లి సంతకు పూలు పంపేది మాత్రం మా పక్కింటివాళ్లు. ఇంటి వెనక అరెకరంలో బంతి వేసేవారు. ఆ తోటలో సగం పని పక్కింటి అక్కదే. నాకంటే రెండేళ్లు పెద్దది. బడికి వెళ్లేముందు పూలు కోసి, ఒక దండ మా గుమ్మానికి కూడా కట్టి పోయేది.

"పిల్లంటే అదీ" అనేది మా అమ్మ. నాకు జడ వేస్తూ కూడా అదే మాట. చేతులు నా జుట్టులో, మనసు పక్కింట్లో. నాకు కడుపులో భగ్గున మండేది. అక్క నన్ను ఎంత ప్రేమగా పిలిస్తే అంత మండేది.

ఒక సాయంత్రం వాళ్లంతా పెళ్లికని కె. కోటపాడు వెళ్లారు. దసరాకి పూయాల్సిన మొక్కలు నా మోకాలెత్తున ఉన్నాయి. తోటలోకి దూరి, మొక్క తర్వాత మొక్క తలలు తుంచేశాను. ఇక దండ ఎలా కడుతుందో చూద్దామనుకున్నాను. అప్పటికీ కసి తీరక నాలుగైదు మొక్కలు వేళ్లతో సహా పీకి పారేశాను.

మర్నాడు పొద్దున్నే అక్క వాళ్ల నాన్న, పక్కింటి మావయ్య, మా గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మడూ, ఓసారి తోటకి రా."

వెళ్లేసరికి అక్క వాడిపోయిన మొక్కలు ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. మావయ్య తలలు తెగిన సాళ్లు చూపించాడు.

"ఈ వారం మేం సెయ్యాల్సిన పనే ఇది. తల తుంపితే పక్క కొమ్మలు వత్తాయి, పువ్వు ఎక్కువ పూత్తాది. ఎవులో సగం పని సేసి ఎట్టేరు. మిగిలిన సాళ్లు నువ్వు తుంపమ్మా. పీకీసినవంటావా, అవింక రావు."

ఎవరు చేశారని మావయ్య అడగలేదు. నేను సాలు పక్కన కూర్చుని తుంపడం మొదలుపెట్టాను. అక్క కళ్లు తుడుచుకుని నా పక్కన చేరింది.

"గోరుతో గిల్లకే. ఇలాగ రెండు వేళ్లతో తుంపు."

ఇక ఆపుకోలేకపోయాను. "ఆ మొక్కలు నేనే పీకేనక్కా."

అక్క లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మావయ్య మాత్రం ఖాళీల్లో కొత్త నారు నాటి, నీళ్లు పొయ్యడం నాకు అప్పగించాడు. రోజూ పోశాను. ఒకరోజు అక్క వచ్చి నాతోపాటు రెండో బిందె ఎత్తింది.

దసరాకి తోట విరగబూసింది. అమ్మ మళ్లీ "పిల్లంటే అదీ" అంది. నాకు మళ్లీ మండింది. అది పోతుందనుకున్నాను గానీ, పోలేదు.

ఈ వయసులోనూ ఉంది. మొన్న మా తోడికోడలు కొత్త ఇల్లు కట్టుకుంటే ఓర్వలేకపోయాను. అలాంటప్పుడు ఇంట్లో కూర్చోకూడదని మాత్రం నాకు తెలుసు. గృహప్రవేశానికి అందరికంటే ముందే వెళ్లి, వంటింట్లో కత్తిపీట ముందేసుకుని వంకాయలు తరిగాను. సాయంత్రానికి ఆ ఇల్లు నాకూ నచ్చింది.